పద్నాలుగో పేజీలో ముఖం

సోమవారం పొద్దున్నే ఫోను మోగేసరికి ఎవరో పోయారనే అనుకుంది వెరోనా హుడాక్. పొద్దున్నే మోగిన ఫోను మంచి కబురు చెప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పిండి చేతులు ఆప్రానుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చేసరికి ఎమిల్ అప్పటికే ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. రెండో చేతిలో ఇంకులో ముంచిన బ్రష్షు. చుక్క కింద పడకుండా దాన్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతున్నాడు.

"అలాగే మిస్టర్ గెల్బ్... ఆఁ, శుక్రవారం మధ్యాహ్నం లోపు... అర్థమైంది... పర్లేదు లెండి."

పర్లేదు అనే మాట ఆమె చెవిన పడింది. పర్లేదు అన్నారంటే ఏదో పోయినట్టే.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదమ్మా. మా ఎడిటరు. ఈ నెల పుస్తకం నేనే పూర్తి చెయ్యాలట. వచ్చే నెల నుంచి ఆఫీసులో కుర్రాడెవడో ఉన్నాడట, వాడితో ఇంకు వేయిస్తాడట."

"అంటే నిన్ను తీసేశాడా?"

"తీసెయ్యడానికి నేనేమన్నా ఉద్యోగంలో ఉన్నానా? పుస్తకం ఇంకొకడికి ఇస్తున్నాడు, అంతే."

"ఎందుకట? ఆలస్యం చేశావా? మరకేమన్నా పడిందా? నేను సరిగ్గా చెరపలేదా?"

ఎమిల్ నవ్వాడు. ముప్పై నాలుగేళ్ళొచ్చినా నవ్వితే వాడి కళ్ళు చిన్నప్పటిలాగే పూర్తిగా మూసుకుపోతాయి. "ప్రెంటిస్ గారి పెన్సిల్ బొమ్మ అద్దంలా ఉంటుందట. దాని మీద గీత దిద్దడానికి ఎవడైనా చాలట."

అంటూ బ్రష్షు మొనను పెదాల మధ్య పెట్టుకుని సన్నగా లాగాడు.

"విషం! ఆ నల్ల విషం నోట్లో పెట్టుకోకురా అని ఎన్నిసార్లు చెప్పాను?"

"తొమ్మిదేళ్ళుగా తింటున్నాను. ఇవాళ కొత్తగా ఏమవుతుంది?" అని వాడు మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు.

పసేయిక్ పట్నం‌లో వాళ్ళింటి వీధి వైపు గదిలోనే వాడి పని. ఉత్తరం కిటికీ కింద ఏటవాలు బల్ల, దాని పక్కన ఇంకు బుడ్డి, తెల్లరంగు సీసా, పాత టూత్‌బ్రష్షు, పాళీలు పెట్టుకునే సిగరెట్ డబ్బా. నెలకొకసారి 'ఫాగ్ వార్డెన్' అనే బొమ్మల పుస్తకం పేజీలు ఇరవై, అట్టల మధ్య కట్టి పోస్టులో వస్తాయి. వాల్టర్ ప్రెంటిస్ అనే పెద్దాయన వాటి మీద పెన్సిల్‌తో బొమ్మ వేస్తాడు. ఆఫీసులో ఇర్మా అనే ఆవిడ మాటలు రాస్తుంది. ఎమిల్ ఇంకు వేస్తాడు. ఇంకు ఆరాక అడుగునున్న పెన్సిల్ గీతలన్నీ రబ్బరుతో చెరిపేది వెరోనా. అలా చెరిపితేగాని అచ్చుకు పనికిరావు. పుస్తకం మొదటి పేజీలో 'బొమ్మలు: వాల్టర్ ప్రెంటిస్' అని ఉంటుంది. ఇంకు వేసినవాడి పేరు వెయ్యడం ఆ కంపెనీలో లేదు. అది తప్పని ఎమిల్ అనుకోలేదు. వాళ్ళమ్మా అనుకోలేదు. మీవాడేం చేస్తాడని చర్చిలో ఎవరైనా అడిగితే, "గీసిన గీత మీద గీత దిద్దుతాడు" అని చెప్పేది. చెప్పి, వాడికి పిల్లనెవరిస్తారా అని దిగులు పడేది.

ఇప్పుడు ఆ దిద్దే పని కూడా పోతోంది. ఆ పూట పిండి ముద్దను మామూలుకన్నా గట్టిగా పిసికింది వెరోనా.

*

ఆమె చెరపడానికొక పద్ధతుంది. పేజీని ఇస్త్రీ బల్ల మీద పరిచి, కిటికీ వైపు కాస్త ఏటవాలుగా ఎత్తి చూస్తుంది. నలుపు మెరిస్తే ఇంకా తడి, మెరవకపోతే ఆరినట్టు. తర్వాత ఎడమ అరచేత్తో కాగితాన్ని అదిమిపట్టి, భుజం నుంచి చేయి మొత్తం ఆడిస్తూ పైనుంచి కిందికి రుద్దుతుంది. కుడిచేతి చూపుడు వేలు బట్టల మిల్లులో పనిచేసేటప్పుడు మగ్గం కింద నలిగి వంకర తిరిగింది. ఆ వంకరలో రబ్బరు ముక్క సరిగ్గా ఇమిడిపోతుంది. కళ్ళద్దాలు పెట్టుకోదు, రబ్బరు పొట్టు అద్దాలకంటుకుంటుంది. కళ్ళు కిటికీ బయట ఉంటాయి. వీధిలో పిల్లలు బంతి కోసం కార్లకు అడ్డం పరిగెడుతుంటారు, ఎప్పుడు ఎవడు చక్రాల కింద పడతాడోనని ఆమెకు భయం. నోట్లో మరియమ్మ ప్రార్థన నడుస్తూ ఉంటుంది. ఒక్కో వరుస బొమ్మలకు ఒక్కో ప్రార్థన.

బుధవారం మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల మీద మూడు పేజీలున్నాయి. ఎమిల్ ఇంకు అయిపోయిందని బజారుకెళ్ళాడు. వెళ్తూ ఏదో చెప్పాడు గానీ వంటింట్లో కుళాయి చప్పుడులో ఆమెకు వినబడలేదు. మొదటి రెండు పేజీలు అయిపోయాయి. మూడోది ఎత్తి చూసింది, ఆరింది. పరిచింది. మొదటి వరుస, ఒక ప్రార్థన. రెండో వరుస, ఒక ప్రార్థన. మూడో వరుసలో పేజీ వెడల్పునా ఒక్కటే పెద్ద బొమ్మ. రుద్దింది. వీధిలో ఎర్ర టోపీ పిల్లాడు అటువైపు క్షేమంగా దాటాడు. ఆమెన్ అని పొట్టు ఊది కిందికి చూసింది.

మూడో వరుసలో ఏమీ లేదు.

చుట్టూ నల్లటి చట్రం గీత ఉంది. మాటల బుడగ ఒకటి ఉంది. మధ్యలో ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్ల కాగితం.

వాడింకా ఇంకు వెయ్యలేదు. పైరెండు వరుసలే వేసి, ఆరడానికి అక్కడ పెట్టాడు. ఆమె పెన్సిల్ బొమ్మ మొత్తం చెరిపేసింది. ప్రెంటిస్ గారి బొమ్మ! నలభై ఏళ్ళుగా బొమ్మలేస్తున్న మనిషి బొమ్మ! కంపెనీ సొత్తు! ఇలాంటి దానికి ఏ కేసు పెడతారో ఆమెకు తెలియదు, ఏదో ఒకటి మాత్రం పెడతారు. అసలే తీసేసిన కొడుకు. ఇప్పుడు చెడగొట్టి పోయాడన్న పేరు కూడా వాడి నెత్తినే.

పెన్సిల్ ఒత్తిడికి కాగితం మీద గాడి పడి ఉంటుంది కదా అని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ లేదు, గోరు గీసినంత గాడి కూడా లేదు. మిగిలిన పేజీల్లో ఈ మనుషులే ఉంటారు కదా, వాళ్ళను చూసి ఎమిల్ మళ్ళీ వేసుకోవచ్చని ఇంకో ఆలోచన వచ్చింది. కళ్ళద్దాలు వెతికి పెట్టుకుని, మంచం మీదున్న ఇంకు వెయ్యని పేజీలు ముందేసుకుంది.

ఆరేళ్ళుగా చెరుపుతోంది గానీ తను చెరిపేదాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

పదిహేనో పేజీలో ఒక సున్నా. దాని కింద ఒక గీత. పక్కన ఇంకో సున్నా. గీతలు తిన్నగా లేవు, బస్సులో కూర్చుని రాసిన ఉత్తరంలా వణుకుతున్నాయి. పదహారో పేజీలో ఓడ అనుకోవాల్సిన ఒక డొప్ప, దాని మీద నాలుగు పుల్లలు. పదిహేడులో మనుషులు వెనక్కి తిరిగి నిలబడ్డారు, ముఖాలు లేవు. పద్దెనిమిదిలో చేతులన్నీ జేబుల్లో ఉన్నాయి. ఆమె ఇంకు వేసిన పేజీలు తెచ్చి పక్కన పెట్టింది. వాటిలో ముఖాలున్నాయి. తడిసిన తాళ్ళున్నాయి, తాడు పేటలు లెక్కపెట్టొచ్చు. పడవ అంచున చేప పొలుసులున్నాయి. ఒక ముసలి జాలరి నోట్లో ముందు పన్ను లేదు.

ఈ పన్ను లేదని ఆ సున్నాలో ఎక్కడుంది?

తలుపు తెరుచుకుంది. ఎమిల్ సంచితో గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటమ్మా ఆ ముఖం? ఎవరు పోయారు?"

"పద్నాలుగు," అంది వెరోనా.

"పద్నాలుగుమందా!"

"పద్నాలుగో పేజీరా! చెరిపేశాను. అడుగు బొమ్మ మొత్తం. నువ్వింకా వెయ్యలేదని చూసుకోలేదు."

వాడు సంచి కింద పెట్టి పేజీ తీసుకుని చూశాడు. చూసి కుర్చీలో కూలబడి, కళ్ళు మూసుకుపోయేలా నవ్వాడు.

"ఇంతేనా?"

"ఇంతేనా ఏంట్రా! పెద్దాయన గీసింది పోయింది!"

"ఏం గీశాడో నీకేమన్నా గుర్తుందా?"

ఆమె మంచం మీది పేజీల వైపు చూసింది. "రెండు సున్నాలూ ఒక గీతా అయ్యుంటాయి."

"అవే. అంతే."

వెరోనా మంచం అంచున కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచి?"

ఎమిల్ నవ్వడం మానేశాడు. కొత్త ఇంకు బుడ్డి మూత తిప్పుతూ చెప్పాడు. "రెండేళ్ళు దాటింది. మొదట వేళ్ళు మానేశాడు. అందరికీ చేతులు జేబుల్లో పెట్టేవాడు. తర్వాత కళ్ళు. ఈ చలికాలం నుంచి ముఖమే లేదు. చేయి వణుకుతోందమ్మా ఆయనకి. ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. సున్నా ఎక్కడ పెట్టాలో మాత్రం ఆయనకి ఇప్పటికీ ఎవరికన్నా బాగా తెలుసు. మిగతాది నేను చూసుకుంటున్నాను."

"ఎడిటరుకి తెలీదా?"

"ఆయన చేతిలో పదకొండు పుస్తకాలు. చూసేది ఇంకు వేశాకే. పెన్సిల్ పేజీలు చూసేది ఇర్మా ఒక్కతే, ఆమె నోరు మెదపదు."

"అయితే నువ్వు చెప్పు!" వెరోనా గొంతు లేచింది. "బొమ్మంతా నువ్వేస్తుంటే, గీత దిద్దడానికి ఎవడైనా చాలని నిన్ను తీసేస్తాడా? నేనేమో ఊరంతా తిరిగి మావాడు దిద్దుతాడు, దిద్దుతాడు అని..."

"చెప్తే ముసలాయన పుస్తకం పోతుంది."

"చెప్పకపోతే నీది పోతుంది!"

"నాకు ఇంకోటి దొరుకుతుంది. అరవై తొమ్మిదేళ్ళాయనకి దొరకదు. నా చేతిలో బ్రష్షుంది, కిటికీలో వెలుతురుంది, నువ్వు వేళకి తిండి పెడుతున్నావు. నాకేం తక్కువ చెప్పు?"

"వచ్చే నెల ఆ ఆఫీసు కుర్రాడు ఆ సున్నాల మీదే ఇంకు వేస్తాడు కదరా. అప్పుడు ఆయన సంగతి బయటపడదా?"

ఎమిల్ మూత బల్ల మీద పెట్టి కాసేపు దాన్నే చూశాడు. తన సంగతి గురించి కాదు, ఈ ఒక్క ప్రశ్న గురించే వాడు సోమవారం నుంచి ఆలోచిస్తున్నాడని ఆమెకు తెలిసిపోయింది.

"నువ్వెవరికీ చెప్పకు," అన్నాడు చివరికి.

"నేనెందుకు చెప్తాను? నోరే విప్పను."

ఆ సాయంత్రం ఆమె వాడి పక్కన స్టూలు వేసుకుని మొదటిసారి వాడి పని చూసింది. ఖాళీ కాగితం మీద వాడు పెన్సిల్ పెట్టలేదు. చాలాసేపు ఊరికే చూశాడు. ఆ బొమ్మలో జరిగేది చిన్న సంగతే. కొడుకు సముద్రంలో పోయాడని ఒక ముసలితల్లికి కథానాయకుడు ఫాగ్ వార్డెన్ వచ్చి చెప్పాలి. పెద్దాయన అతణ్ణి గుమ్మంలో వెనక్కి తిప్పి నిలబెట్టాడట.

"ఈ పేజీలో ఆయన గీసింది ఎలాగూ లేదు," అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు ఎమిల్. తర్వాత షేవింగు అద్దం తెచ్చి బల్లకానించి, టోపీ చేత్తో పట్టుకుని, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా, నీ చేయి ఒకసారి నా తలమీద పెట్టు."

ఆమె వాడి నుదుటి మీద చేయి వేసింది. "జ్వరమా? ఒళ్ళు వెచ్చగానే ఉందిరా!"

"జ్వరం కాదు, బొమ్మ కోసం. కాస్త పైకి... అలాగే ఉంచు. కదలకు."

అద్దంలో చూసుకుని, లేచి, బ్రష్షు ముంచి వేశాడు. తిరిగొచ్చి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని చూసుకున్నాడు. అలా ఆరేడుసార్లు. వంగిన వీపు ఒక్క గీతలో వచ్చింది, లావుగా మొదలై సన్నబడుతూ మెడ దగ్గర మాయమైపోయింది. చివరికి పాత టూత్‌బ్రష్షును తెల్లరంగులో ముంచి, ముఖాల మీద కాగితం ముక్కలు కప్పి, బొటనవేలితో కుంచె పోగుల్ని వెనక్కి లాగి వదిలాడు. సన్నటి తుంపర పడింది. గుమ్మం నిండా మంచు కమ్మింది.

వెరోనా తన చేయి ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఆ కాసేపూ వీధిలో పిల్లలు ఉన్నారో లేదో కూడా చూడలేదు.

*

ఈస్టరుకు ముందు లెంట్ ఉపవాసాల్లో గురువారాలు చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళంతా పిరోహీలనే ఉడికించిన కజ్జికాయలు చేస్తారు. శుక్రవారం మాంసం తినని వాళ్ళు వచ్చి కొనుక్కుపోతారు. పిండి వృత్తాలు కొయ్యడం ఒకరి పని, బంగాళాదుంప ముద్ద పెట్టడం ఒకరి పని, అంచులు నొక్కడం వెరోనా పని. పక్కన ఆమె స్నేహితురాలు ఆగ్నెస్ స్టోప్కా.

"ఏమే, నువ్వు నొక్కినవి ఇవాళ నోళ్ళు తెరుచుకుంటున్నాయి," అంది ఆగ్నెస్. "ఉడికేటప్పుడు బంగాళాదుంపంతా నీళ్ళలోకే. ఫాదర్ గారు సూపు అనుకుంటాడు."

"నిద్ర లేదే."

"నీకెప్పుడుందిలే. ఇవాళ దేనికి, భూకంపమా?"

వెరోనా ఇంకో అంచు నొక్కింది.

"సరే, మంచి మాట చెప్తా విను. మా బావతో మాట్లాడాను. లినోలియం ఫ్యాక్టరీలో మీవాడికి చోటుందట. సోమవారం రమ్మన్నాడు. పింఛనుంటుంది, ఆసుపత్రి ఖర్చులుంటాయి. రెండేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నావు కదా, ఇంక నన్ను వదిలెయ్."

రెండేళ్ళుగా ఆమె మోకాళ్ళ మీద నిలబడి దేవుణ్ణి అడిగింది ఇదే. పిరోహీ అంచు వంకర వేలితో నొక్కుతూ వెరోనా ఆలోచించింది. తల్లికి కావలసిందేమిటి, పింఛనున్న కొడుకేగా? నోరు తెరిచి సరే అనబోయింది.

"వాడికి పనుందే," అంది.

"ఏం పని? ఆ గీతల మీద గీతలేగా? అదీ పోయిందన్నావు?"

"గీతలు కాదు. బొమ్మలు. వాడు బొమ్మలేస్తాడు."

ఆగ్నెస్ చేతిలో చెంచా ఆగిపోయింది. "నీకు నిజంగానే ఒంట్లో బాలేదు. ఇంటికి పో."

*

శుక్రవారం తొమ్మిదింటికి ఎమిల్ ఇరవయ్యో పేజీ ముగించాడు. పెద్దాయన పేజీలు అన్నీ అయ్యాయి. రెండు రాత్రులు సరిగ్గా పడుకోక కళ్ళు ఎర్రబడ్డాయి. షర్టు బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటున్నాడు.

"ఈ అవతారంతో బస్సెక్కుతావా? నిద్రపోయి కట్ట సీట్లో వదిలేసి దిగుతావు. ఎవడో ఎత్తుకుపోతాడు," అంది వెరోనా.

"వదిలెయ్యనమ్మా."

"కూర్చో. కళ్ళు మూసుకో. పది నిమిషాల్లో లేపుతాను."

వాడు సోఫాలో కూర్చుని కళ్ళు మూశాడో లేదో, గురక మొదలైంది. ఆమె లేపలేదు. చర్చికి వేసుకెళ్ళే కోటు తొడుక్కుని, అట్టల కట్టను రెండు చేతులతో గుండెకి హత్తుకుని బస్సెక్కింది. బస్సు దారిలో మూడు ప్రమాదాలు తప్పాయని ఆమె లెక్క. డ్రైవరుకు ఒక్కటీ తెలియదు.

ఆఫీసు నాలుగో అంతస్తులో. లిఫ్టు ఆగిపోతే ఏం చెయ్యాలని మెట్లెక్కి వెళ్ళింది. వరండాలో బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, ఒళ్ళో గోధుమరంగు కవరు. పక్కన కాగితం గ్లాసులో కాఫీ పొగలు కక్కుతోంది. దాన్ని తాగాలని ఆయనకుంది, చేయి చాచడం లేదు. ఎవరూ చూడట్లేదనుకుని ఒకసారి చాచాడు. గ్లాసు అందుకోకముందే వేళ్ళు ఆకుల్లా ఆడాయి. వెనక్కి తీసేసుకుని కవరు కింద దాచుకున్నాడు.

వెరోనాకు ఆయనెవరో తెలిసిపోయింది. పేజీల మీది గీతల్లో చూసిన వణుకే అది.

బస్సులో వస్తున్నంతసేపూ ఆ మనిషి మీద కోపంగా ఉంది ఆమెకు. ఇప్పుడు ఆ కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. గ్లాసు తీసి, ఆయన తాగడానికి వీలుగా సగం కాఫీ కుండీలోని మొక్కకు పోసి, మిగతా సగం ఆయన రెండు చేతుల మధ్యా పెట్టింది. "సగముంటే ఒలకదండి. మా ఆయనకి చివర్లో ఇలాగే ఇచ్చేదాన్ని," అంది.

పెద్దాయన ముందు ఉలిక్కిపడి, తర్వాత తాగాడు. "ఆ మొక్క నన్ను తిట్టుకుంటుందేమో," అన్నాడు. "ఎవరి తాలూకమ్మా మీరు?"

"హుడాక్ వాళ్ళమ్మని."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఇంకేదో అనబోతుండగా లోపలి తలుపు తెరుచుకుని, చేతులు మడిచిన చొక్కాతో గెల్బ్ బయటికి వచ్చాడు.

"పేజీలొచ్చాయా? వాల్ట్, నువ్వూ రా. మీరూ రండమ్మా, నిలబడతారెందుకు?"

గెల్బ్ కట్ట విప్పి పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు, పేకముక్కలు చూసేవాడిలా చకచకా. పద్నాలుగు దగ్గర ఆగాడు. పొగాకు గొట్టం నోట్లోంచి తీశాడు.

"ఏం వాల్ట్! ఇంకా చేవ చావలేదయ్యా నీకు! పదిహేనేళ్ళలో నువ్విలాంటి బొమ్మ వెయ్యలేదు. చూడు, ఈ మోకాళ్ళు చూడు, ఈ ముసలమ్మ చేయి చూడు!"

ప్రెంటిస్ ముందుకు వంగాడు. చాలాసేపు చూశాడు. బొమ్మలో మనిషి మంచు కమ్మిన గుమ్మంలో టోపీ తీసి మోకరిల్లాడు. కబురు చెప్పడానికి వచ్చినవాణ్ణే ఆ తల్లి ఓదారుస్తోంది, తల మీద చేయి వేసి. అతని ముఖం తిన్నగా ఇటే చూస్తోంది. పెద్దాయన ఆ చేతిని చూసి, తలెత్తి, కోటు బొత్తం నలుపుతున్న వెరోనా చేతిని చూశాడు. ఆ వంకర వేలిని చూశాడు.

"ఇది నేను వేసింది కాదు," అన్నాడు నెమ్మదిగా.

అయిపోయింది అనుకుంది వెరోనా. కేసు, జరిమానా, పోలీసులు అన్నీ ఒక్కసారే కళ్ళముందు నిలబడ్డాయి.

"వాడి తప్పు కాదండీ!" అని గబుక్కున అనేసింది. "నేనే చెరిపేశాను. వాడు ఇంకు వెయ్యలేదని చూసుకోలేదు. బుర్ర లేని ముసలిదాన్ని. ఏమన్నా ఉంటే నా మీద పెట్టండి. అయినా నేను మీరు వేసిన ముఖాన్ని చెరపలేదండీ, ప్రమాణంగా. అక్కడసలు ముఖం లేదు!"

అన్నాక గాని తను ఏమందో ఆమెకు వినపడలేదు. అరచేత్తో నోరు మూసుకుంది. ఆలస్యమైపోయింది.

గెల్బ్ ఒకసారి ఆమెనూ ఒకసారి ప్రెంటిస్‌నూ చూశాడు. "ముఖం లేకపోవడమేంటి?"

బయట గదిలో టైపు మిషను ఆగిపోయింది. ప్రెంటిస్ ఒళ్ళోంచి కవరు తీసి గెల్బ్ ముందు పెట్టాడు. "ఆమె అన్నది నిజమే. ఇది వచ్చే నెలది. నీ ఆఫీసు కుర్రాడికి ఇస్తానన్నావు కదా. విప్పి చూడు, దీని మీద వాడేం దిద్దుతాడో చెప్పు."

గెల్బ్ విప్పాడు. మొదటి పేజీ, రెండోది, మూడోది. సున్నాలు, గీతలు, పుల్లలు. నాలుగోది తిప్పలేదు.

"ఎన్నాళ్ళయింది వాల్ట్?"

"ఆ పిల్లాడు నాకు చెప్పకుండా ఎన్నాళ్ళ నుంచి నా పని చేస్తున్నాడో అన్నాళ్ళయింది." ప్రెంటిస్ తన చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. అవి ఆడుతూనే ఉన్నాయి, దాచుకోలేదు. "అతను వేసినా నా సున్నా దాటి ఎప్పుడూ పోలేదు. ఎముకలు నావే కదా, మిగతాది ఎవరు చేస్తేనేం అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఈ పేజీలో నా ఎముక ఒక్కటీ లేదు. ఇందులో ఉన్నంత మంచి బొమ్మ నా చేయి బాగున్నప్పుడు కూడా నేను వెయ్యలేదు. నీ పొగడ్త నేను పుచ్చుకుంటే అది దొంగతనం."

గెల్బ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. అతని చేతిలో ఇంకా పది పుస్తకాలున్నాయి, వాటన్నిటికీ శుక్రవారాలే గడువు. "కథ నీ బుర్రలోంచే వస్తోందిగా?" అన్నాడు.

"బుర్ర వణకట్లేదు. ప్రస్తుతానికి."

"అయితే సున్నాలు నువ్వు పెట్టు. బొమ్మ అతను వేస్తాడు. ఇంకూ అతనే." తలుపు వైపు తిరిగి కేకేశాడు. "ఇర్మా! మొదటి పేజీకి పేర్ల చీటీ ఇంకోటి రాయి. ప్రెంటిస్ పక్కన హుడాక్. ఎమిల్ హుడాక్. ఈ పుస్తకానికే, ఇప్పుడే."

ఇర్మా వచ్చి పేజీ తీసుకుని, వెరోనా భుజం గట్టిగా నొక్కి వెళ్ళింది.

*

ఇల్లు చేరేసరికి మూడైంది. ఎమిల్ అప్పుడే లేచి, ఖాళీ బల్లను చూసి కంగారుగా బూట్లు వేసుకుంటున్నాడు.

"ఎక్కడికెళ్ళావమ్మా? పేజీలేవి?"

"ఇచ్చేసొచ్చాను. కూర్చో." కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. "నోరు విప్పనన్నాను. విప్పాను. తిట్టాలంటే తిట్టు. ముందు అంతా విను."

అంతా చెప్పింది. మొక్కకు పోసిన కాఫీ దగ్గర నుంచి చెప్పింది. వాడు మధ్యలో ఒక్కసారే అడ్డుపడ్డాడు. "పెద్దాయన పుస్తకం పోలేదు కదా?"

"పోలేదు. సున్నాలు ఆయనవి, బొమ్మ నీది. పేర్లు రెండూ పక్కపక్కన వేస్తారు. ఎడిటరు నా కళ్ళముందే రాయించాడు. మంగళవారం పెద్దాయన నిన్ను వాళ్ళింటికి రమ్మన్నాడు. పెన్సిల్ నీదే తెచ్చుకోమన్నాడు."

ఎమిల్ బల్ల దగ్గరికెళ్ళి బ్రష్షు తీసి, కడిగిందే మళ్ళీ కడిగాడు. దాన్ని డబ్బాలో పెట్టబోతే అంచుకు తగిలి కింద పడింది. తొమ్మిదేళ్ళలో వాడు బ్రష్షు కింద పడెయ్యడం ఆమె చూడలేదు.

"అమ్మా."

"ఊఁ."

"నా పేరు వేస్తారా? నిజంగానే?"

"వేశారు కూడా."

"బాగా లేకపోతేనో? ఇన్నాళ్ళూ బాగున్నా బాగోకపోయినా ఆయన పేరుండేది. ఇప్పుడు ఎవడైనా చూసి ఇదేం ముఖంరా అంటే... నాకు భయంగా ఉందమ్మా."

వెరోనా వాడి వైపు చూసింది. వాడి నోటి వెంట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. ఇంట్లో ఆ మాట అనేది ఆమె ఒక్కతే. తనలో కూడా ఆ భయాన్ని వెతుక్కుంది, ఎప్పుడూ ఉండే చోటే, రొమ్ము ఎముక కింద. ఎంత వెతికినా దొరకలేదు. ఆకలి మాత్రం తగిలింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

"ఏమీ కాదురా," అంది. ఆ మాట తన గొంతులో ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించి, ఉల్లిపాయలు వేయించడానికి వెన్న వేసింది. ఇద్దరికి సరిపడా వేసింది.